మాంచెస్టర్ యునైటెడ్ 2024-25: తప్పు ఫార్మేషన్‌దా, ఆటగాళ్లదా?

ఫుట్‌బాల్ వ్యూహాలు బాగా తెలిసినవాళ్లు ఎవరైనా కాస్త వివరంగా చెప్పండి ప్లీజ్. ఆ సీజన్ నాకు ఇప్పటికీ మింగుడుపడటం లేదు. ప్రీమియర్ లీగ్‌లో 42 పాయింట్లతో 15వ స్థానం, 18 ఓటములు!

అక్టోబర్‌లో కోచ్ టెన్ హాగ్‌ని తీసేశారు, మధ్యలో నాలుగు మ్యాచ్‌లకి తాత్కాలిక కోచ్‌గా వాన్ నిస్టెల్‌రాయ్ వచ్చాడు, ఒక్కటీ ఓడలేదు. ఆ తర్వాత నవంబర్‌లో పోర్చుగల్ క్లబ్ స్పోర్టింగ్ నుంచి కొత్త కోచ్‌గా అమోరిమ్. నలుగురు డిఫెండర్లతో ఆడటానికి కొన్న ఆటగాళ్లని సీజన్ మధ్యలో, సరిగ్గా ప్రాక్టీస్‌కి టైమ్ కూడా లేకుండా, 3-4-3 ఫార్మేషన్‌లోకి (వెనక ముగ్గురు డిఫెండర్లు, మధ్యలో నలుగురు, వాళ్లలో ఇద్దరు అంచుల్లో ఆడే వింగ్‌బ్యాక్‌లు, ముందు ముగ్గురు) మార్చాడు. ఇప్స్‌విచ్‌తో అతని మొదటి మ్యాచ్‌లో వింగ్‌బ్యాక్‌గా ఆడిన అమాద్ కుడివైపు దూసుకెళ్లి బంతి అందిస్తే రెండో నిమిషంలోనే రాష్‌ఫర్డ్ గోల్ కొట్టాడు, ఇక దశ తిరిగిందనుకున్నా. చివరికి 1-1 డ్రా.

అయినా యూరప్ క్లబ్‌ల పోటీ యూరోపా లీగ్‌లో మాత్రం సెమీస్‌లో అథ్లెటిక్ బిల్బావోని రెండు మ్యాచ్‌లు కలిపి 7-1తో చిత్తు చేశారు. ఫైనల్లో, ప్రీమియర్ లీగ్‌లో 17వ స్థానంలో నిలిచిన టోటెన్‌హామ్ చేతిలో 1-0తో ఓడిపోయారు, దాంతో తర్వాతి సీజన్‌కి యూరప్ పోటీలే లేకుండా పోయాయి. చాలా బాధేసింది.

నా సందేహం ఒకటే: అదే జట్టు, అదే ఫార్మేషన్, మరి ప్రీమియర్ లీగ్‌లో ఎందుకంత తేలిపోయింది? మిడ్‌ఫీల్డ్‌లో ఇద్దరే ఉండటం వల్లా? లేక సీజన్ అయ్యేదాకా పాత పద్ధతిలోనే ఆడించి ఉండాల్సిందా? ఆ మ్యాచ్‌లు మళ్లీ చూస్తే దేన్ని గమనించాలో కూడా చెప్పండి.