నాలుగున్నరేళ్ల బాబు ‘కాకి’ని ‘తాతి’ అంటున్నాడు: ఆగాలా, చూపించాలా?

సిరిమల్లె: మా బాబుకు నాలుగున్నరేళ్లు. ‘కాకి’ అనమంటే ‘తాతి’, ‘గోడ’ అనమంటే ‘దోడ’. మాకు అర్థమవుతుంది గానీ బయటివాళ్లు ఏమన్నాడా అని నా మొహం చూస్తారు. విచిత్రమేంటంటే నేను ‘తాతి’ అంటే మాత్రం ఊరుకోడు, ‘తాతి కాదమ్మా, తాతి!’ అని కోప్పడతాడు. వాళ్ల నాన్న కూడా చిన్నప్పుడు ఇంతేనట, ఆగమని అత్తయ్య అంటున్నారు. టీచరేమో చూపించమంటున్నారు. ఏం చేయమంటారు?

కొండవాగు: ఆగండి. మాట ఎవరి టైముకి వాళ్లకి వస్తుంది. ఈమధ్య పిల్లలు ఏం చేసినా దానికో జబ్బు పేరు పెడుతున్నారు.

నేలవేము: ఆగమనడం తేలికే. మా పాప విషయంలోనూ ఇంటిల్లిపాదీ అదే అన్నారు. బళ్లో వేశాక పలికినట్టే రాయడం మొదలుపెట్టింది, గ రావాల్సిన చోటల్లా ద. అప్పుడు మాటా దిద్దాలి, రాతా దిద్దాలి. ఆగమన్నవాళ్లు ఒక్కరూ పక్కన కూర్చోలేదు.

పచ్చతోరణం: నాలుక కింద పొర చూశారా? మా అక్క కొడుక్కి అది కట్ చేయించాక మాట బాగైంది.

వెన్నెలదారి: ఇంట్లో రెండు భాషలు మాట్లాడుతుంటే ఒకటి మానేయండి.

స్పీచ్ లత: నేను స్పీచ్ థెరపిస్టుని. రెండు భాషల వల్ల ఈ సమస్య రాదు, ఏ భాషా మానక్కర్లేదు. పరీక్ష మాత్రం పిల్లవాడు మాట్లాడే భాషలన్నిట్లో చేయాలి. ఇక పొర సంగతి. క, గ పలకడానికి లేవాల్సింది నాలుక వెనక భాగం. పొర పట్టి ఉంచేది కొసని. బాబు త, ద చక్కగా అంటున్నాడంటే కొస బాగానే ఆడుతోందన్నమాట.
వెనక పుట్టాల్సిన ధ్వనిని ముందుకు తెచ్చి పలకడం చిన్నపిల్లల్లో మామూలే, మూడున్నర, నాలుగేళ్లకల్లా చాలామందిలో పోతుంది. అదే తిరగబడి త బదులు క అంటుంటే, మాట మొదటి హల్లుని మింగేస్తుంటే వయసుతో పని లేకుండా చూపించాలి. నాలుగేళ్లు నిండిన పిల్లల మాట కొత్తవాళ్లకి కూడా దాదాపు అంతా అర్థం కావాలి. 27 భాషల పిల్లల మీద జరిగిన పరిశోధనలన్నీ కలిపి 2018లో ఒక సమీక్ష వచ్చింది. ఐదేళ్లకల్లా పిల్లలు హల్లుల్లో తొంభై శాతానికి పైగా సరిగ్గా పలుకుతారని అందులో తేలింది.

పచ్చతోరణం: మావాడికి తగ్గింది కదండీ, కళ్లారా చూశాను.

స్పీచ్ లత: తగ్గినందుకు సంతోషం. ఆ వయసులో కట్ చేయించకపోయినా చాలామందికి తగ్గుతుంది, అందుకే దాన్నిబట్టి చెప్పలేం.

కొండవాగు: ‘ఐదేళ్లకల్లా’ అని మీరే అన్నారు. బాబుకి నాలుగున్నర. ఇంకా టైముందిగా?

నేలవేము: అన్ని మాటల్లో మీకు ఐదు ఒక్కటే కనబడిందా? నాలుగేళ్లకి కొత్తవాళ్లకి అర్థం కావాలన్నది చదవలేదా?

కొండవాగు: చదివాను. ఐదు అనే ఉంది.

నేలవేము: మీ పిల్లలకి ఈ కష్టం వచ్చి ఉండదు, అందుకే ఇంత ధీమా.

కొండవాగు: వచ్చింది. ఐదో ఏట మా అబ్బాయిని ఒక క్లినిక్‌కి తీసుకెళ్లాం. చెవి పరీక్ష లేదు, ఏమీ లేదు, అరగంటలో ‘అప్రాక్సియా’ (మాటకి కావాల్సిన నోటి కదలికల్ని మెదడు సరిగ్గా నడిపించలేని సమస్య) అని రాసిచ్చారు. ఇక ఈలలు, స్ట్రాలు, బుడగలు ఊదించడం, నాలుక బయటికి చాపించడం. ఆ కాగితం బళ్లో ఇచ్చాం. ఆ రోజు నుంచి వాణ్ణి స్టేజీ ఎక్కనివ్వలేదు, క్లాసులో ప్రశ్న వేయడమూ మానేశారు. తర్వాత మరో డాక్టరు చూసి మధ్యచెవిలో నీరు నిలిచిందన్నారు. ఆ నీరు పోయింది. వాడు నలుగురిలో నోరు విప్పడం మాత్రం ఇప్పటికీ లేదు. ఇప్పుడు చెప్పండి నా ధీమా సంగతి.

స్పీచ్ లత: మీ అబ్బాయికి జరిగింది అన్యాయం. వినికిడి చూడకుండా మాట మీద తీర్పు చెప్పకూడదు. అప్రాక్సియా అనాలంటే ఒకే మాటని నాలుగుసార్లు అనిపించి నాలుగు రకాలుగా వస్తోందా, ఒక ధ్వని నుంచి ఇంకోదానికి వెళ్లేటప్పుడు తడబడుతున్నాడా, మాట నడక, ఒత్తు తేడాగా ఉన్నాయా, ఇవన్నీ చూడాలి. ఎప్పుడూ క బదులు త అనే పిల్లవాడిది ఆ లక్షణం కాదు. ఊదుడు కసరత్తుల వల్ల ధ్వనులు వస్తాయనడానికి ఆధారాలూ లేవు. ‘కాకి’, ‘తాతి’ లాంటి జంటల్లో తేడా వినిపించి, పలికించి నేర్పాలి. సిరిమల్లె గారూ, మీరు ‘తాతి’ అంటే అది తప్పని బాబు పట్టుకుంటున్నాడు, అది మంచి సూచనే. అయినా చెవి పరీక్ష ముందు చేయించండి.

నేలవేము: కొండవాగు గారూ, మీ బాధ అర్థమైంది. మీకు జరిగింది తప్పుడు పరీక్ష. దానికి సిరిమల్లె గారిని ఆగమంటే ఎలా?

కొండవాగు: పరీక్ష సరిగ్గా చేసినా పిల్లాడి మీద ఒక పేరు పడుతుంది. నా భయం దాని గురించే. తగ్గాక ఆ పేరుని ఎవరూ తీసేయరు.

నేలవేము: మేం పరీక్ష చేయించలేదు కాబట్టి మా పాపకి పేరు పడలేదనుకుంటున్నారా? తోటిపిల్లలు పెట్టారు. ‘నత్తిమొహం’ అన్నారు. దానికి నత్తే లేదు. డాక్టరు రాసిన పేరైతే దానికి ఏం చేయాలో కూడా రాసి ఉండేది.

సిరిమల్లె: చెవి పరీక్షకి టైం తీసుకున్నాను. ఆ తర్వాత థెరపిస్టు దగ్గరికి. రిపోర్టు బడికి ఇవ్వడమా వద్దా అన్నది మా ఇష్టమేనా?

స్పీచ్ లత: ముందు మీరు పూర్తిగా చదవండి, అర్థం కానిది అడగండి. బడికి ఎంతవరకు చెప్పాలో థెరపిస్టుతో మాట్లాడి మీరే తేల్చుకోండి.

కొండవాగు: చెవి పరీక్షకి నేను అడ్డు చెప్పను, ఈరోజే చేయించండి. మిగతాది మాత్రం ఐదు నిండాక.

నేలవేము: ఐదు నిండేదాకా ఎందుకో మీరింకా చెప్పలేదు.