చీపురుపల్లి దగ్గర మా పాత ఇంట్లో పురుళ్ళ గది

పెరటిజామ: తాతగారి పెంకుటిల్లు మరమ్మతు పెట్టాం. వసారా పక్క గదిని ఊళ్ళో ఇప్పటికీ పురుళ్ళ గదంటారు. ఎత్తులో చిన్న కిటికీ ఒక్కటే, మూలన నీళ్ళు పోయే తూము, దూలానికి ఇనప కడియం. మేస్త్రి కడియం పీకేస్తానంటున్నాడు. మా ఇంటి ఆడవాళ్ళ కాన్పులకే అయితే ఊరంతా అలా ఎందుకు పిలుస్తారు?

బొబ్బిలి_బావ: కడియం ఉయ్యాలది. మా ఇంట్లోనూ ఉంది.

నాగావళి_అప్ప: బల్ల ఉయ్యాలకి ఒక్క కడియం ఏటి సరిపోద్ది బావూ? చీర ఉయ్యాలైతే దూలానికే చుట్టేస్తారు. మా అమ్మమ్మ మంత్రసాని. నొప్పులొస్తుంటే పైనుంచి తాడు వేలాడేసి పట్టుకోమనేదట. బిడ్డ వెనకాల పడే మాయని పెరట్లోనే పాతేవోరు. కూలి అంటే చీర, కుంచెడు బియ్యం. మా చుట్టుపక్కల సగం మంది ఆవిడ చేతి మీద పుట్టినోళ్ళే, పేరు మాత్రం ఏ కాయితంలోనూ లేదు. అలాగని అంతా బాగుందని అన్ను. బొడ్డు కోసిన పుండు మీద బూడిద, పేడ రాసి, ధనుర్వాతం పట్టి ఎంతమంది పసిగుంటలు పోయారో. టీటీ సూదులు వచ్చాకే అది తగ్గింది. కడియం ఒగ్గేయండి, పీకించకండి.

పాతకాయితాలు: ఊరంతా అలా పిలుస్తున్నారంటే పంచాయతీ సమితి రోజుల్లో నర్సమ్మకి అద్దెకిచ్చి ఉంటారు. సొంత భవనం లేని సబ్‌సెంటర్లు (ఊళ్ళలో నర్సమ్మ నడిపే ఆరోగ్య ఉపకేంద్రాలు) ఇలాంటి గదుల్లోనే నడిచేవి. సమితులు 1959లో వచ్చాయి, 1986 చట్టంతో మండల పరిషత్తులయ్యాయి. ఇంట్లో అద్దె రసీదేమైనా దొరికి, దాని మీద సమితి ముద్ర ఉంటే ఆ మధ్య కాలమే. ఆఫీసుల్లో పాత కాయితాలు వెతికేటప్పుడు జిల్లా చూసుకోండి. మీ వైపు 1950 ఆగస్టు దాకా విశాఖపట్నం జిల్లా, 1979 జూన్ దాకా శ్రీకాకుళం, ఆ తర్వాతే విజయనగరం. పాత జనన వివరాలు అడిగేవాళ్ళు చాలామంది ఇక్కడే తడబడతారు.

బొబ్బిలి_బావ: సరే, మా కడియం మాత్రం ఉయ్యాలదే!

పెరటిజామ: తాతగారి బీరువాలో అద్దె రసీదు దొరికింది! ముద్ర అరిగిపోయింది గానీ ‘సమితి’ వరకు చదవొచ్చు. విజయనగరం ఘోషాసుపత్రికని (ఆడవాళ్ళ ఆసుపత్రి) ఎడ్లబండిలో బయల్దేరినవాళ్ళు, నొప్పులు ఎక్కువైతే ఇక్కడే దిగిపోయేవారని అమ్మ చెప్పింది. ఇన్నాళ్ళూ మాటవరసకైనా అనలేదు ఈవిడ! కడియం ఉంచేస్తున్నాం. తూము మూసేస్తానన్నాడు మేస్త్రి, అదీ వద్దన్నాను. అప్పా, మీ అమ్మమ్మగారిది ఏ ఊరు?

నాగావళి_అప్ప: రాజాం పక్క. మీ వైపు కూడా వచ్చేదో లేదో అమ్మనడిగి రాస్తాను.