బోటులో ఏమీ మార్చలేదు, కొత్త ఏడాది ఐఆర్‌సీ రేటింగ్ ఎందుకు పెరిగింది?

సోలెంట్_క్రూ:
సౌతాంప్టన్‌లో ఉంటాను, వీకెండ్ రేసుల్లో ఒక 36 అడుగుల బోటు మీద జిబ్ (ముందు తెరచాప) ట్రిమ్ చేస్తుంటాను. వేర్వేరు రకాల బోట్లు కలిసి పోటీ పడేందుకు ఒక్కోదానికి రేటింగ్ ఇచ్చే ఐఆర్‌సీ పద్ధతిలో కొత్త సర్టిఫికెట్ వచ్చింది. టీసీసీ, అంటే మా రేసు సమయాన్ని గుణించే రేటింగ్ అంకె, పోయినేడు 1.021, ఇప్పుడు 1.024. తెరచాపలు అవే, కీల్ (అడుగున ఉండే బరువైన రెక్క) అదే, బరువు అదే, ఓనర్ ఒక్క బోల్టు కూడా మార్చలేదు. నాలుగు గంటల రేసులో ఈ 0.003 అంటే 43 సెకన్లు, మేం అంతకంటే తక్కువ తేడాతో గెలిచిన రేసులున్నాయి కాబట్టి టెన్షన్‌గా ఉంది. ఇది ఎక్కడి నుంచి వచ్చింది?

గాలివాటు:
మీ బోటు మారలేదు, లెక్క మారింది. ఐఆర్‌సీ సర్టిఫికెట్ అక్కడ డిసెంబర్ 31తో అయిపోతుంది, మళ్ళీ తీసుకున్నప్పుడు ఆ ఏడాది ఫార్ములాతో కొత్తగా రేటింగ్ కడతారు. దీన్ని రాయల్ ఓషన్ రేసింగ్ క్లబ్, ఫ్రాన్స్ యూఎన్‌సీఎల్ కలిసి నడుపుతాయి, ఫార్ములా మాత్రం బయటపెట్టరు. దానికి కారణం ఉంది. 70, 80ల్లో ఐఓఆర్ అనే పాత రేటింగ్ రూల్ ఉన్నప్పుడు కొలత తీసే చోట్ల హల్‌కి (బోటు ఒంటికి) బుడిపెలు పెట్టి మరీ డిజైన్ చేసేవాళ్ళు, రేటింగ్ తగ్గేది గానీ వెనక గాలి గట్టిగా వీస్తే ఆ బోట్లలో కొన్నింటిని అదుపులో పెట్టడమే కష్టమయ్యేది. ఫార్ములా తెలియకపోతే, పైగా ఏటా కాస్త జరుగుతుంటే, దాన్ని చూసి బోటు కట్టడం కుదరదు. నన్నడిగితే అది మంచిదే. మీరు మీ అంకె ఒక్కటే చూసుకుని కంగారు పడొద్దు, మీతో రోజూ పోటీ పడే బోట్లవి ఎంత మారాయో చూడండి.

మాస్ట్_మీద:
గాలివాటు గారూ, రహస్యం విషయంలో నేను ఒప్పుకోను. ఓఆర్‌సీ అనే ఇంకో రేటింగ్ సంస్థ కూడా ఏటా రూల్స్ మారుస్తుంది, కానీ బోటు వేగం ఎలా లెక్కగడతారో వివరంగా ప్రచురిస్తారు, ఓడినవాడు కనీసం ఎందుకు ఓడాడో చూసుకోగలడు. అది అలా ఉంచితే, సోలెంట్ బ్రదర్, సర్టిఫికెట్‌లో స్పినకర్లు (వెనక గాలికి ఎత్తే, బెలూన్‌లా ఉబ్బే తెరచాపలు) ఎన్ని రాశారో చూడు. మూడు దాటితే రేటింగ్ పెరుగుతుంది. ఫ్లయింగ్ హెడ్‌సెయిల్ (జిబ్ కంటే ముందుకు, విడిగా ఎత్తే తెరచాప) ఉంటే దాన్ని విడిగా డిక్లేర్ చేయాలన్న రూల్ కూడా ఈమధ్యే వచ్చింది, పాత ఫారమే మళ్ళీ పంపేస్తే అక్కడ తేడా రావచ్చు. ఫీజు కడితే ట్రయల్ రేటింగ్ ఇస్తారు, ఏది తీసేస్తే ఎంత తగ్గుతుందో ముందే తెలుస్తుంది.

సోలెంట్_క్రూ:
ఇద్దరికీ థాంక్స్. మా ప్రధాన పోటీ బోటు 1.018 నుంచి 1.023కి వెళ్ళింది! అంటే నాలుగు గంటల్లో దాదాపు అర నిమిషం మాకే కలిసొచ్చింది. స్పినకర్లు నాలుగు రాసి ఉన్నాయి. నాలుగోది గట్టి గాలికి దాచుకున్న చిన్నది, సోలెంట్‌లో (మేం రేసు చేసే సౌతాంప్టన్ దగ్గరి జలసంధిలో) అసలు తీయం. కానీ ఓనర్ ఫాస్ట్‌నెట్ అనే సుదూర సముద్ర రేసుకి వెళ్దామంటున్నారు, అప్పుడు కావాలి కదా?

మాస్ట్_మీద:
ఇప్పుడు మూడుకి తగ్గించుకోండి, ఫాస్ట్‌నెట్ ఎంట్రీ నిబంధనల్లో సర్టిఫికెట్ మార్చుకోవడానికి గడువు ఎప్పుడో చూసి ఆలోపు నాలుగోది చేర్పించండి. 695 మైళ్ళ రేసు అది, ఆ నాలుగోదాని వల్ల రేటింగ్ 0.003 పెరుగుతుందనుకున్నా, నాలుగు రోజులు పడితే అది 17 నిమిషాలు. కెల్టిక్ సముద్రంలో గాలి లేచినప్పుడు ఆ చిన్న స్పినకర్ అంతకంటే ఎక్కువే సంపాదించి పెడుతుంది.