ఎన్.టి. రామారావు ప్రసంగాల్లో ‘ఆడపడుచు’ అన్న పిలుపు

ఎన్.టి. రామారావు తన ప్రసంగాల్లో స్త్రీలను ‘ఆడపడుచులు’ అని సంబోధించేవారు. ‘సోదర సోదరీమణులారా’ అన్నది అప్పటికే వేదికల మీద అరిగిపోయిన మర్యాద వాక్యం కనుక కొత్తదనం కోసం ఈ మాట వాడారని కొందరంటారు గానీ, నాకు అంతకు మించిన పని జరిగినట్టు తోస్తుంది. సోదరి అంటే చుట్టరికం ఒక్కటే తెలుస్తుంది. ఆడపడుచు అనగానే ఆమె పుట్టిల్లు, ఆ ఇల్లు ఆమెకు పెట్టవలసిన చీర, సారె, తీర్చవలసిన లాంఛనాలు అన్నీ వెంట వస్తాయి. అంటే వక్త తాను నాయకుణ్ణని ఎక్కడా చెప్పుకోకుండానే, బాకీ ఉన్న అన్నదమ్ముడి స్థానంలో నిలబడుతున్నాడు. జనం ఆయనను ‘అన్నగారు’ అనడంతో ఆ చుట్టరికం రెండు వైపులా కుదిరింది.

1978లో ఏర్పడిన శాసనసభ కాలంలో కాంగ్రెస్ అధిష్ఠానం ముఖ్యమంత్రులను వరుసగా మార్చి నలుగురిని ఆ పీఠం మీద కూర్చోబెట్టింది. 1982 మార్చి 29న తెలుగుదేశం పార్టీని ప్రకటించిన రామారావు, ముఖ్యమంత్రులను అలా మార్చడాన్ని ‘తెలుగువారి ఆత్మగౌరవం’ సమస్యగా మలిచారు. రాష్ట్రాన్ని ‘తెలుగిల్లు’గా, వినేవారిని ఆ ఇంటి బిడ్డలుగా ముందే నిలిపిన వక్తకు, ఢిల్లీ నిర్ణయాన్ని ఇంటికి జరిగిన అవమానంగా చూపడం కష్టం కాలేదు. 1983 జనవరిలో ఆయన ముఖ్యమంత్రి అయ్యారు.

విచిత్రమేమిటంటే, పిలుపు ఇంత ఇంటి మాటైనా ఆ తరువాతి ప్రసంగం చాలావరకు సమాసాలతో, పౌరాణిక చిత్రాల ఉచ్చారణతో సాగేది. ఆ గ్రాంథికచ్ఛాయ ఆయనను ఎత్తు మీద నిలిపితే, పిలుపు కిందికి దించేది. (రెండు దశాబ్దాల తరువాత తెలంగాణ ఉద్యమ వేదికల మీద కె. చంద్రశేఖర్ రావు ఆ ఎత్తును వదులుకొని, ఊరి మాటనే నాయకత్వ చిహ్నంగా చేసుకున్నారు. అది వేరే చర్చకు తగిన విషయం.)

పై మాటలకు చర్చలో పాల్గొన్న ఒక సభ్యుని జవాబు:

మీ వివరణలో ‘బాకీ’ అన్న మాటను పట్టుకొని కొంచెం ముందుకు వెళ్లవచ్చు. హిందూ వారసత్వ చట్టానికి ఆంధ్రప్రదేశ్ 1986లో చేసిన సవరణ, ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానమైన హక్కు ఇచ్చింది. ప్రసంగంలోని పిలుపు శాసనంలోకి వచ్చిందని ఇక్కడ అనిపిస్తుంది. అయితే ఆ సవరణ అమల్లోకి రాకముందే పెళ్లయిన కూతుళ్లకు అది వర్తించలేదు. వాడుకలో మనం ఆడపడుచు అనేది ఎక్కువగా అత్తవారింటికి వెళ్లిన ఆ అమ్మాయినే కదా. సభలో ఆ పిలుపు విన్న వివాహితలకు అన్నగారి ప్రభుత్వం తెచ్చిన ఆ చట్టంలో వాటా దక్కలేదు.