సోడియం తన ఎలక్ట్రాన్‌ను తనంతట తానే వదులుకుంటుందా?

ప్రశ్న:
సోడియం పరమాణువు ఒక ఎలక్ట్రాన్‌ను కోల్పోతే జడవాయువైన నియాన్ ఎలక్ట్రాన్ విన్యాసాన్ని (ఎలక్ట్రాన్ల అమరికను) పొంది స్థిరపడుతుందని చదువుకున్నాను. అయితే ఆ ఎలక్ట్రాన్‌ను తొలగించడానికి మోలుకు 496 కిలోజౌళ్ల శక్తి కావాలని అయనీకరణ శక్తుల పట్టిక చెబుతోంది. బయటి నుంచి ఇంత శక్తి ఇస్తే తప్ప ఏర్పడని అయాన్‌ను పరమాణువు కంటే స్థిరమైనదని ఎలా అనగలం?

మొదటి జవాబు:
ఒంటరిగా ఉన్న సోడియం పరమాణువు తన ఎలక్ట్రాన్‌ను ఎన్నటికీ తనంతట తాను విడిచిపెట్టదు. దానిని వదిలించుకోవాలని పరమాణువు ‘కోరుకుంటుంది’ అని పాఠాల్లో చెప్పకపోవడమే మంచిదని నా గట్టి అభిప్రాయం. క్లోరిన్ ఆ ఎలక్ట్రాన్‌ను స్వీకరించినప్పుడు వెలువడేది దాదాపు 349 కిలోజౌళ్లే కాబట్టి, ఈ ఇచ్చిపుచ్చుకోవడం వరకే చూస్తే ఇంకా 147 కిలోజౌళ్ల లోటు మిగిలి ఉంటుంది. ఆ లోటును తీర్చేది స్ఫటికం. విరుద్ధ ఆవేశాలున్న అయాన్లు ఒకదాని చుట్టూ ఆరు చొప్పున ఉప్పు స్ఫటికంగా అమరినప్పుడు మోలుకు సుమారు 787 కిలోజౌళ్ల శక్తి విడుదలవుతుంది. స్థిరత్వం ఆ మొత్తం అమరికదే తప్ప విడి అయాన్‌ది కాదు.

అలాగని ఎలక్ట్రాన్ విన్యాసానికి ప్రాధాన్యం లేదని కాదు. సోడియం బయటి కక్ష్యలోని ఒకే ఒక్క ఎలక్ట్రాన్‌కూ, కేంద్రకంలోని 11 ప్రోటాన్లకూ మధ్య పది లోపలి ఎలక్ట్రాన్లు అడ్డుగా ఉండడం వల్ల దానిపై ఆకర్షణ బాగా తగ్గుతుంది. రెండవ ఎలక్ట్రాన్‌ను తీయాలంటే ఆ లోపలి కక్ష్యనే కదిలించాలి. అందుకు 4562 కిలోజౌళ్లు, అంటే మొదటిదానికి తొమ్మిది రెట్లకు పైగా కావాలి. ఇంతటి ఖర్చును ఏ స్ఫటికమూ భరించలేదు కాబట్టే సోడియం అయాన్ ఒక్క ధనావేశం దగ్గరే ఆగుతుంది.

ప్రశ్న అడిగినవారు:
ఇప్పుడు స్పష్టమైంది, ధన్యవాదాలు. మరి రెండు ఎలక్ట్రాన్లను స్వీకరించే ఆక్సిజన్ విషయంలోనూ ఇదే లెక్క వర్తిస్తుందా?

రెండవ జవాబు:
వర్తిస్తుంది, ఇంకా స్పష్టంగా వర్తిస్తుంది. ఆక్సిజన్ మొదటి ఎలక్ట్రాన్‌ను తీసుకున్నప్పుడు 141 కిలోజౌళ్లు వెలువడతాయి కానీ, అప్పటికే రుణావేశం పొందిన దానిలోకి రెండవ ఎలక్ట్రాన్‌ను వికర్షణకు ఎదురుగా బలవంతంగా చేర్చాలి. నియాన్ విన్యాసం ఉన్నప్పటికీ ఆక్సైడ్ అయాన్ శూన్యంలో ఒంటరిగా నిలవదు, ఆ రెండవ ఎలక్ట్రాన్‌ను బయటికి వదిలేస్తుంది. మెగ్నీషియం ఆక్సైడ్ వంటి స్ఫటికంలో, చుట్టూ ఉన్న ధనాత్మక అయాన్ల ఆకర్షణ వల్ల మాత్రమే అది స్థిరంగా ఉంటుంది.

మూడవ జవాబు:
పై జవాబులకు ఇనుము గురించి ఒక మాట చేర్చాలి, ఎందుకంటే అష్టక నియమాన్ని, అంటే బయటి కక్ష్యలో ఎనిమిది ఎలక్ట్రాన్లుంటే స్థిరత్వం వస్తుందనే సూత్రాన్ని, అన్ని అయాన్లకూ అన్వయించేవారు తడబడేది అక్కడే. ఇనుము ముందుగా కోల్పోయేది 4ఎస్ అనే బయటి ఉపకక్ష్యలోని రెండు ఎలక్ట్రాన్లను. అప్పుడు 3డి అనే లోపలి ఉపకక్ష్యలో ఆరు ఎలక్ట్రాన్లతో ఫెర్రస్ అయాన్, మరొకటి పోతే ఐదింటితో ఫెర్రిక్ అయాన్ ఏర్పడతాయి. ఈ రెండింటిలో దేనికీ జడవాయువు విన్యాసం లేదు. అయినా రెండూ నిత్యం కనిపించేవే: లేత ఆకుపచ్చగా ఉన్న ఫెర్రస్ సల్ఫేట్ ద్రావణాన్ని మూత లేకుండా ఉంచితే, గాలిలోని ఆక్సిజన్ వల్ల కొన్నాళ్లకు పసుపు కలిసిన గోధుమ రంగుకు మారుతుంది. అక్కడ మన కళ్లెదుట జరుగుతున్నది ఆరవ 3డి ఎలక్ట్రాన్ చేజారిపోవడమే.