అప్‌డేట్: గర్భసంచి ఆపరేషన్ తర్వాత అమ్మకి మూత్రం కారిపోవడం

గర్భసంచి తీసేసిన పదో రోజు నుంచి అమ్మకి తెలియకుండానే మూత్రం కారిపోతోందని, నీరసం వల్లే అంటున్నారని అప్పుడు అడిగాను కదా. నీరసం కాదండి. యూరాలజిస్టుకి చూపించమన్నవాళ్లకి చేతులెత్తి దండం.

ఆయన మూత్రసంచిలోకి నీలం రంగు మందు ఎక్కించి, యోనిలో దూది ఉండలు పెట్టారు. కాసేపాగి తీస్తే పైన పెట్టింది నీలంగా వచ్చింది. మూత్రసంచికీ యోనికీ మధ్య చిల్లు పడిందట, ఫిస్టులా అంటారు. చాలా అరుదు. సీటీ స్కాన్‌లో కిడ్నీల నుంచి వచ్చే మూత్రనాళాలు బాగానే ఉన్నాయి.

కొన్ని వారాలు కెథెటర్ (మూత్రం పోయే గొట్టం) ఉంచినా చిల్లు పూడలేదు. వాపు తగ్గేదాకా, మొత్తం మూడు నెలలు ఆగి కుట్టారు. అన్నాళ్లూ అమ్మ ఏ పేరంటానికీ వెళ్లలేదు, రబ్బరు షీటు మీదే పడుకుంది.

మొన్న కెథెటర్ తీశారు. తెల్లారి నన్ను లేపి మరీ పొడి చీర చూపించింది.