వేదిక్ మల్టిప్లయర్: స్పీడు నిజమా, పేరుకేనా?

ఈసీఈ_ఫైనలియర్ (మద్దిలపాలెం): మా బ్యాచ్‌కి 8 బిట్ వేదిక్ మల్టిప్లయర్ (రెండు సంఖ్యల్ని గుణించే సర్క్యూట్) ప్రాజెక్టు ఇచ్చారు. వేదగణితంలోని ఊర్ధ్వ తిర్యగ్భ్యాం (నిలువుగా, ఐమూలగా) సూత్రంతో చేస్తే డిలే (జవాబు రావడానికి పట్టే సమయం) తగ్గుతుందట. నిజమేనా?

గేటుకాపరి: కాదు. 2 బిట్లకే కాగితం మీద వేసి చూడు. కుడి బిట్లు నిలువుగా, తర్వాత ఐమూలగా రెండు లబ్ధాలు కలిపి, చివర ఎడమ బిట్లు నిలువుగా. బిట్లను గుణించే అండ్ గేట్లు నాలుగు, లబ్ధాల్ని కూడే హాఫ్ యాడర్లు రెండు. ఇప్పుడు టెక్స్ట్‌బుక్‌లో మామూలు అర్రే మల్టిప్లయర్ తియ్యి. అవే నాలుగు, అవే రెండు! పాక్షిక లబ్ధాలు (చివర కూడాల్సిన వరసలు) తగ్గించేది బూత్ పద్ధతి (1951). వాటిని త్వరగా కూడేది వాలెస్ ట్రీ (1964).

ఉక్కునగరం_మాస్టారు: తొందరపడకండి. నాలుగు 2 బిట్ బ్లాకులతో 4 బిట్, అలాంటి నాలుగింటితో 8 బిట్. లేఅవుట్ సులువు. క్యారీ ఒక్కో బిట్టూ దాటాల్సిన రిపుల్ యాడర్ తీసేసి, వేగమైన క్యారీ సెలెక్ట్ యాడర్ పెడితే మా పిల్లల సింథసిస్ రిపోర్టులో (కోడ్‌ని సర్క్యూట్‌గా మార్చే టూల్ ఇచ్చే లెక్క) డిలే తగ్గింది.

గేటుకాపరి: తగ్గించింది యాడర్ అండీ, సూత్రం కాదు. అర్రేకీ అదే యాడర్ పెట్టి పోల్చారా?

పరిశిష్టం: వేదిక్ అన్న పేరే తేడా. ఈ సూత్రం వచ్చిన, 1965లో అచ్చయిన భారతీకృష్ణ తీర్థ పుస్తకంలోని 16 సూత్రాలు మనకు దొరికే అథర్వవేద పరిశిష్టాల్లో లేవు.

ఉక్కునగరం_మాస్టారు: నానోసెకన్ల లెక్క మాట్లాడుతుంటే మధ్యలో అథర్వవేదం ఎందుకు స్వామీ?

బీచ్‌రోడ్: ఎఫ్‌పీజీఏలో (మనకి కావలసినట్టు మార్చుకునే చిప్) కోడ్‌లో గుణకారానికి స్టార్ గుర్తు పెడితే టూలే డీఎస్పీ బ్లాకులో (చిప్‌లో ముందే ఉన్న గుణకార భాగం) పెట్టేస్తుంది. ఎందుకీ రభస?

గేటుకాపరి: ఎందుకో నేను చెప్తా. నా ఫైనలియర్‌లో నేను బూత్ చేస్తానంటే గైడ్ వేదిక్ అంటగట్టారు. ద్వారకానగర్‌లో కోడ్ కొన్నాం. వైవాలో ఎక్స్‌టర్నల్ "దేనితో పోల్చారు?" అన్నారు. నలుగురం నేలచూపులు.

ఉక్కునగరం_మాస్టారు: కోడ్ కొన్నది మీరు, తిట్లు మాకా? మా ల్యాబ్‌లో నాలుగు బ్యాచ్‌లకి ఒక బోర్డు. చిప్ డిజైన్ టూల్స్‌కి లైసెన్సుల్లేవు. ఒక సెమిస్టర్‌లో పూర్తయ్యే టాపిక్ మీరే చెప్పండి. ఒట్టి అర్రే మల్టిప్లయర్ అంటే "కొత్తేముంది?" అంటారు. వేదిక్ అంటే హెచ్‌ఓడీ సంతకం పడుతుంది, కాన్ఫరెన్స్‌లో పేపర్ తీసుకుంటారు.

గేటుకాపరి: ఈ మాట ముందే అనుంటే ఇంత గొంతు చించుకునేవాణ్ణి కాదు. నా గొడవ సూత్రంతో కాదు. కొత్తది కానిదాన్ని కొత్తదని పిల్లల చేత రాయిస్తున్నారు చూడండి, దానితో.

ఉక్కునగరం_మాస్టారు: ఒక ఏడాది వచ్చి గైడుగా ఉండి అప్పుడు మాట్లాడండి.

ఈసీఈ_ఫైనలియర్: సార్, టాపిక్ మార్చే టైమ్ లేదు. అర్రేకీ వేదిక్‌కీ ఒకే యాడర్ పెట్టి, రిపోర్టులో రెండు డిలేలూ పక్కపక్కన వేస్తాను. వేదిక్ గెలవకపోతే మార్కులు పోతాయా?

గేటుకాపరి: పోతే పోనీ.

ఉక్కునగరం_మాస్టారు: పోయేవి ఆయనవి కాదుగా! టేబుల్ వెయ్యి నాన్నా. టైటిల్ మాత్రం ముట్టుకోకు.